బడిలో చెప్పుకునే దిక్కు

2017 సెప్టెంబరు 8 ఉదయం గురుగ్రామ్‌లోని ఒక పేరున్న ప్రైవేటు పాఠశాలలో రెండో తరగతి చదువుతున్న ఏడేళ్ల బాలుడు మరుగుదొడ్డి దగ్గర గొంతు తెగి రక్తపు మడుగులో కనిపించాడు. ఆ రోజే హరియాణా పోలీసులు స్కూలు బస్సు కండక్టరును పట్టుకుని, నేరం ఒప్పుకున్నాడని ప్రకటించారు. దేశమంతా ఆ మాట నమ్మింది. డ్రైవర్లు, క్లీనర్లు, ఆయాలు, వాచ్‌మన్‌లు ఒక్కసారిగా అనుమానితులైపోయారు. రెండు నెలలు గడిచాయి. కేసు చేపట్టిన సీబీఐ అదే బడిలో పదకొండో తరగతి చదివే పదహారేళ్ల విద్యార్థిని అదుపులోకి తీసుకుంది. పరీక్షలు, తల్లిదండ్రుల సమావేశం వాయిదా పడాలన్న ఆలోచనతోనే ఈ పని చేశాడన్నది సీబీఐ అభియోగం. కండక్టరుపై ఆధారాలు లేవని కోర్టు అతణ్ణి కేసు నుంచి తప్పించింది.

ఆ అభియోగంలోని కారణం దగ్గర మనం ఆగి ఆలోచించలేదు. మార్కుల కాగితం పట్టుకుని తల్లిదండ్రుల ముందు నిలబడడం ఒక పిల్లవాడికి హత్య కంటే భయంకరంగా తోచే స్థితి వచ్చిందంటే, ఆ భయం ఒక్క రోజులో పుట్టి ఉండదు. ఎక్కడో ఒకచోట, ఎవరో ఒకరికి అది కనిపించే ఉండాలి. పరీక్షలు ఎలాగూ జరగవని అతను తోటి పిల్లలతో ముందే అన్నాడని అప్పట్లో వార్తలు కూడా వచ్చాయి. అయినా ఆ ఘటన తర్వాత మన బడులు నేర్చుకున్నది గోడలు ఎత్తు చేయడం, కెమెరాలు పెంచడం. 2025 జులైలో సీబీఎస్ఈ, శబ్దం కూడా రికార్డయ్యే కెమెరాలు పెట్టి పదిహేను రోజుల దృశ్యాలు భద్రపరచాలని బడులను ఆదేశించింది. కెమెరాలు వద్దని ఎవరూ అనరు. కానీ కెమెరా జరిగినదాన్ని చూపిస్తుంది, జరగబోయేదాన్ని చెప్పదు. ఆ పని మనుషులే చేయాలి. ముఖ్యంగా పిల్లలు చేయాలి. వాళ్లు చెప్పినప్పుడు వినే పెద్దమనిషి ఒకరు బడిలో ఉండాలి. బడుల్లో నేరాలను ఆపే ఉపాయాల్లో తొలిస్థానం దీనిదేనని నా నమ్మకం. మనం అన్నిటికంటే తక్కువ ఖర్చు పెట్టింది కూడా దీనిమీదే.

ఈ మాటకు ఆధారం అమెరికాలో దొరుకుతుంది. బడుల్లో కాల్పులతో ఎక్కువగా నెత్తురోడిన దేశం అదే. 1999 ఏప్రిల్‌లో కొలంబైన్ బడి కాల్పుల తర్వాత అక్కడి సీక్రెట్ సర్వీస్, విద్యాశాఖ కలిసి అంతకుముందు పాతికేళ్లలో జరిగిన 37 బడి దాడులను, వాటికి పాల్పడిన 41 మందిని ఒక్కొక్కరుగా పరిశీలించాయి. 2002లో వచ్చిన ఆ నివేదిక ప్రకారం నూటికి 81 ఘటనల్లో దాడి చేయబోతున్నాడని కనీసం ఒక్కరికైనా ముందే తెలుసు. తెలిసినవాళ్లలో ఎక్కువమంది స్నేహితులు, తోటి విద్యార్థులు. సీక్రెట్ సర్వీసే 2021లో మరో నివేదిక వెలువరించింది. ఈసారి పరిశీలించింది జరగకుండా ఆగిపోయిన 67 కుట్రలను. వాటిలో ఎక్కువ భాగం ఆగింది తోటి పిల్లలు నోరు విప్పడం వల్లే. మరోవైపు 2018లో పార్క్‌ల్యాండ్ హైస్కూల్లో 17 మంది చనిపోతున్నప్పుడు ఆయుధం ధరించిన పోలీసు అధికారి భవనం బయటే ఉండిపోయాడు. 2022లో యువాల్డీలో 19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు బలైన రోజు పోలీసులు హంతకుణ్ణి ఎదుర్కోవడానికి 77 నిమిషాలు తీసుకున్నారు. తుపాకీ ఉన్న కాపలా ఆపలేకపోయినవి కొన్ని ఉన్నాయి. తోటి విద్యార్థి చెప్పిన మాట ఆపినవి అంతకంటే ఎక్కువ ఉన్నాయి.

వర్జీనియా రాష్ట్రం దీన్నుంచి ఒక పద్ధతి తయారు చేసుకుంది. ఒక విద్యార్థి ఎవరినైనా బెదిరించాడని తెలిస్తే ప్రిన్సిపాల్, కౌన్సెలర్, మానసిక నిపుణుడు, పోలీసు అధికారి కలిసి కూర్చుంటారు. అది కోపంలో అన్న మాటా, నిజంగా చేయబోతున్న పనా అని తేలుస్తారు. 2013లో ఆ రాష్ట్రం ప్రభుత్వ పాఠశాలలన్నిటికీ ఇలాంటి బృందాలను చట్టంతో తప్పనిసరి చేసింది. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇది దూరపు విషయం కాదు. వాళ్ల పిల్లలు కిండర్‌గార్టెన్ నుంచే తలుపు గడియ పెట్టి, లైట్లు ఆర్పి, బల్లల కింద చప్పుడు చేయకుండా కూర్చునే కసరత్తు నేర్చుకుంటున్నారు. మనకు ఆ స్థాయిలో తుపాకుల పీడ లేదు. పిల్లలు ముందే చెప్పే గుణం మాత్రం ఎక్కడైనా ఒకటే. మన బడుల్లో వాళ్లెందుకు చెప్పరన్నదే తేల్చుకోవలసిన ప్రశ్న.

మొదటి కారణం బెత్తం. 2007లో కేంద్ర మహిళా శిశు సంక్షేమ శాఖ 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలతో మాట్లాడి ఒక పెద్ద అధ్యయనం వెలువరించింది. బడికి వెళ్లే ప్రతి ముగ్గురిలో ఇద్దరు టీచర్ల చేతిలో దెబ్బలు తిన్నామని చెప్పారు. ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపు ఎదుర్కొన్నామని చెప్పినవాళ్లు సగానికి పైగా ఉన్నారు. అందులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ముందువరుస రాష్ట్రాల్లో ఒకటి. మరో మూడేళ్లకు, 2010 ఏప్రిల్ 1 నుంచి విద్యాహక్కు చట్టం అమల్లోకి వచ్చింది. దాని 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నీ, మనసు నొప్పించేలా వేధించడాన్నీ నిషేధించింది. చట్టం వచ్చి పదిహేనేళ్లు దాటినా గోడకుర్చీలు, గుంజీళ్లు, ఎండలో మోకాళ్లపై నిలబెట్టడం పోలేదు. పోనివ్వనివాళ్లలో తల్లిదండ్రులూ ఉన్నారు. తోలు తీసైనా సరే నాలుగు ముక్కలు నేర్పండి సార్ అని పిల్లవాడి ఎదుటే అప్పగించే తండ్రి ప్రతి ఊళ్లో కనిపిస్తాడు. ఆ మాట వింటూ నిలబడ్డ పిల్లవాడికి రెండు సంగతులు అర్థమవుతాయి. బలం ఉన్నవాడు కొట్టవచ్చు. కొట్టారని ఇంట్లో చెప్పినా లాభం లేదు. రేపు సీనియర్ వాడి టిఫిన్ డబ్బా లాక్కున్నా, వ్యాన్ డ్రైవరు ఒంటిమీద చెయ్యి వేసినా వాడు ఎవరితోనూ చెప్పకపోవడానికి ఆ రెండు సంగతులు చాలు. దెబ్బలకు భయపడే పిల్లవాడు తప్పు దాచడం నేర్చుకుంటాడు. తనకు జరిగిన అన్యాయాన్ని కూడా అదే అలవాటులో దాచేస్తాడు.

ఇక్కడ టీచర్ల మాట కూడా వినాలి. ఎందుకంటే హింస వాళ్లమీదికీ వస్తోంది. 2012 ఫిబ్రవరిలో చెన్నైలో తొమ్మిదో తరగతి విద్యార్థి తరగతి గదిలోనే టీచరమ్మను పొడిచి చంపాడు. 2018 జనవరిలో హరియాణాలోని యమునానగర్‌లో పన్నెండో తరగతి కుర్రవాడు తండ్రి రివాల్వర్ తెచ్చి ప్రిన్సిపాల్‌ను కాల్చాడు. 2024 డిసెంబరులో మధ్యప్రదేశ్‌లోని ఛతర్‌పుర్ జిల్లాలోనూ ఇంటర్ ఈడు విద్యార్థి కాల్పుల్లో మరో ప్రిన్సిపాల్ ప్రాణం పోయింది. 2025 జులైలో గురుపూర్ణిమ నాడే హిసార్ జిల్లాలో విద్యార్థులు తమ ప్రిన్సిపాల్‌ను కత్తితో పొడిచి చంపారు. ఇలాంటి ప్రతి వార్త తర్వాత స్టాఫ్‌రూమ్‌లో వినిపించే మాట ఒకటే. బెత్తం తీసేశారు, భయం పోయింది, ఇప్పుడు మాకే రక్షణ లేదు. ఆ ఆవేదన నిజమైనది, దాన్ని కొట్టిపారేయకూడదు. అయితే ఈ నాలుగు ఘటనల్లో ఏ ఒక్కటీ ఆ రోజు ఉదయం మొదలైంది కాదు. మార్కుల పుస్తకంలో రాసిన ఫిర్యాదులు, మందలింపులు, సస్పెన్షన్ బెదిరింపులు, ఇంట్లో అవమానాలు వాటి వెనక పేరుకుని ఉన్నాయి. బెత్తం ఉంటే ఆ కోపం తగ్గేదని అనుకోవడానికి ఆధారం లేదు. ఆ కోపాన్ని గమనించి పిల్లవాణ్ణి పక్కకు పిలిచి మాట్లాడే మనిషి ఉంటే తగ్గేదని అనుకోవడానికి మాత్రం ఆధారం ఉంది.

ఆ మనిషిగా ఉండే తీరిక మనం టీచరుకు మిగల్చలేదు. 2024–25 కేంద్ర విద్యాశాఖ యూడైస్ లెక్కల ప్రకారం దేశంలో లక్షకు పైగా ఏకోపాధ్యాయ పాఠశాలలున్నాయి. వాటిలో 12 వేలకు పైగా ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే ఉన్నాయి. ఐదు తరగతులు, ఒక్క టీచరు, మధ్యాహ్న భోజనం లెక్కలు, ఆధార్ అప్‌డేట్లు, ఎన్నికల డ్యూటీలు. మరుగుదొడ్ల ఫొటోలు తీసి యాప్‌లో ఎక్కించే పని కూడా 2024 దాకా ఏపీ టీచర్ల నెత్తిన ఉండేది. ఆయన మూడో వరుసలో రెండు వారాలుగా నవ్వడం మానేసిన పిల్లను గమనించలేదని నిందించడం న్యాయం కాదు.

లైంగిక నేరాల విషయంలో మాత్రం తీరిక లేదన్న మాట చెల్లదు. ఇక్కడ అడ్డుపడేది పరువు. 2022 అక్టోబరులో హైదరాబాద్ బంజారాహిల్స్‌లోని ఒక ప్రైవేటు పాఠశాలలో ఎల్‌కేజీ చదివే నాలుగేళ్ల పాపపై ప్రిన్సిపాల్ కారు డ్రైవరు అఘాయిత్యానికి పాల్పడ్డాడు. బడిలో పిల్లల దగ్గర అతనికి ఏ పనీ లేదు. అయినా తరగతి గదులున్న చోట స్వేచ్ఛగా తిరిగాడు. జనం ఆగ్రహించడంతో ప్రభుత్వం ఆ బడి గుర్తింపు రద్దు చేసింది. చదువు మధ్యలో తమ పిల్లల్ని ఎక్కడికి తీసుకుపోవాలని తల్లిదండ్రులు మొరపెట్టుకోవడంతో మళ్లీ తెరవనిచ్చింది. 2023 ఏప్రిల్‌లో డ్రైవరుకు 20 ఏళ్ల జైలుశిక్ష పడింది. నేరస్థుడికి ఆరు నెలల్లో శిక్ష పడటం మెచ్చుకోదగిన సంగతే. కానీ ఎవరు ఎక్కడిదాకా రావచ్చో, ఎవరు రాకూడదో ముందే రాసిపెట్టి అమలు చేసిన బడిలో ఆ పాపకు ఆ రోజులు వచ్చేవి కావు.

2024 ఆగస్టులో మహారాష్ట్రలోని బద్లాపూర్‌లో ఇద్దరు నర్సరీ ఈడు పిల్లలపై బడి సిబ్బందిలో ఒకడు లైంగిక దాడి చేశాడన్న ఫిర్యాదు వచ్చింది. తల్లిదండ్రులు బడికి వెళ్తే సరైన జవాబు రాలేదు. పోలీస్ స్టేషన్‌కు వెళ్తే గంటల తరబడి కూర్చోబెట్టారు. చివరికి వేలమంది రైలు పట్టాలమీదికి వచ్చాక వ్యవస్థ కదిలింది. పదిహేను రోజుల సీసీటీవీ దృశ్యాలు దొరకడం లేదని అప్పటి విద్యామంత్రే చెప్పారు. విషయం తెలిసీ పోలీసులకు చెప్పలేదని బడి యాజమాన్యంపైనా కేసు పెట్టారు. నిందితుడు సెప్టెంబరులో పోలీసు కాల్పుల్లో చనిపోయాడు. బడిలో ఎవరికి ఏం తెలుసు, ఎప్పటి నుంచి తెలుసు అన్నవి విచారణలో తేలవలసిన ప్రశ్నలు. ఎన్‌కౌంటర్‌కు చప్పట్లు కొట్టినవాళ్లు ఆ ప్రశ్నలకు జవాబు దొరికే అవకాశాన్ని కూడా పోగొట్టుకున్నారు.

చట్టం ఈ విషయంలో చాలా స్పష్టంగా ఉంది. 2012 నవంబరు 14 నుంచి అమల్లో ఉన్న పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం, పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసినవారు, జరగవచ్చని అనుమానం కలిగినవారు సైతం పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే ఆరు నెలల వరకు జైలు. సంస్థ అధిపతి తన కింద పనిచేసేవాడి నేరాన్ని దాస్తే ఏడాది వరకు. పిల్లలకు మాత్రం ఈ శిక్ష వర్తించదు. అంటే చట్టం బరువంతా పెద్దల భుజాలమీదే పెట్టింది. ముందు మేం విచారణ జరుపుకుని నిజమని తేలితే చెబుతాం అనే అధికారం హెచ్ఎంకు లేదు, కరస్పాండెంట్‌కు లేదు. 2022 నవంబరులో చంద్రపూర్ జిల్లా రాజురా బడి హాస్టల్ కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. హాస్టల్ బాలికలపై అఘాయిత్యాలు తెలిసీ మౌనంగా ఉన్నాడన్న ఆరోపణ ఎదుర్కొన్న డాక్టరుపై కేసును బొంబాయి హైకోర్టు కొట్టేస్తే, సుప్రీంకోర్టు దాన్ని తిరిగి బతికించింది. చెప్పకపోవడం చిన్న తప్పు కాదు, తీవ్రమైన నేరమని తేల్చింది. పోలీసులంటే పిల్ల భయపడుతుందన్న వాదనకూ చట్టంలో జవాబు ఉంది. వాంగ్మూలం తీసుకునే అధికారి యూనిఫాంలో ఉండకూడదు, వీలైనంతవరకు మహిళా ఎస్సై అయి ఉండాలి, పాప ఇంట్లోనో తనకు నచ్చిన చోటనో మాట్లాడాలి. ఈ సంగతులు ఎంతమంది హెచ్ఎంలకు తెలుసు? పోక్సో కేసుల్లో నూటికి తొంభైకి పైగా నిందితులు పిల్లలకు తెలిసినవాళ్లే. ముక్కూ మొహం తెలియనివాళ్ల గురించి హెచ్చరించి ఊరుకున్న బడి, అసలు ప్రమాదం గురించి ఏమీ చెప్పనట్టే.

అయితే పిల్లలు చెబితే చాలదు. ఇది నేర్పిన ఊరు తమిళనాడులోని నాంగునేరి. 2023 ఆగస్టులో అక్కడ పన్నెండో తరగతి చదివే ఒక దళిత విద్యార్థి తోటి విద్యార్థుల వేధింపులు భరించలేక బడికి వెళ్లడం మానేశాడు. ఎందుకు రావడం లేదని బడివాళ్లు ఆరా తీశారు. అతను పేర్లతో సహా చెప్పాడు. అంటే ఇక్కడ అడగవలసినవాళ్లు అడిగారు, చెప్పవలసినవాడు చెప్పాడు. ఆ రాత్రే పెత్తందారీ కులానికి చెందిన కుర్రవాళ్లు ఇంట్లోకి చొరబడి కొడవళ్లతో నరికారు. అడ్డం వెళ్లిన చెల్లెల్నీ వదల్లేదు. ప్రాణాలతో బయటపడిన ఆ కుర్రవాడు కోలుకుంటూనే పరీక్షలు రాసి 600కు 469 మార్కులు తెచ్చుకున్నాడు. ఫిర్యాదు చేసినవాడి పేరు వేధించినవాళ్లకు చేరడానికీ దాడి జరగడానికీ మధ్య కొన్ని గంటలే ఉన్నాయి. ఆ గంటల్లో అతన్ని ఎవరు కాపాడాలో ఎక్కడా రాసి లేదు.

ఆ ఘటన తర్వాత విశ్రాంత న్యాయమూర్తి జస్టిస్ చంద్రుతో వేసిన ఏకసభ్య కమిటీ 2024 జూన్‌లో నివేదిక ఇచ్చింది. కులాన్ని తెలిపే రంగుల దారాలు, ఉంగరాలు, నుదుటి గుర్తులు బడిలో నిషేధించాలని, బడుల పేర్లలో కులం తీసేయాలని, ఒక ప్రాంతంలో బలంగా ఉన్న కులంవారిని అక్కడే హెచ్ఎంలుగా వేయకూడదని సూచించింది. వీటిలో కొన్ని సూచనలపై వాదోపవాదాలు నడిచాయి. కానీ తరగతి గదిలో కులం ఉందని ఒక ప్రభుత్వ కమిటీ కళ్లు తెరిచి రాయడమే పెద్ద సంగతి. మన రెండు రాష్ట్రాల్లో అలాంటి కమిటీ ఇంతవరకు లేదు. ఇక్కడ కులం చేతి దారాల్లో కాకపోయినా ఇన్‌స్టాగ్రామ్ రీల్స్‌లో, బైకులమీది స్టిక్కర్లలో, సినిమా హీరోల అభిమాన సంఘాల కొట్లాటల్లో కనిపిస్తూనే ఉంది. తొమ్మిదో తరగతి కుర్రవాళ్లు బెంచీలమీద ఏ పేర్లు చెక్కుతున్నారో చూస్తే టీచర్లకు ఆ సంగతి తెలిసిపోతుంది. చాలామంది చూసీ చూడనట్టు ఊరుకుంటున్నారు.

ఫోన్ల మాట ఎత్తకుండా ఈ చర్చ ముగియదు. అన్నిటికీ ఫోనే కారణమనడం మాత్రం పెద్దలు తప్పించుకునే దారి. 2025 ఫిబ్రవరి చివర్లో కేరళలోని తామరస్సేరిలో ట్యూషన్ సెంటర్ వీడ్కోలు సభలో మొదలైన చిన్న గొడవ వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ గ్రూపుల్లో పెరిగి పెద్దదై, పదో తరగతి కుర్రవాడి తల పగిలి ప్రాణం తీసింది. కొట్టుకుందామని సమయం, చోటు ముందే కుదుర్చుకున్నారు. ఆ గ్రూపుల్లో ఉన్న పిల్లలందరికీ అది తెలుసు. ఒక్క పెద్దవాడికీ తెలియలేదు. 2024 జులైలో నంద్యాల జిల్లా ముచ్చుమర్రిలో తొమ్మిదేళ్ల బాలికను చిదిమేసిన కేసులో పోలీసులు పట్టుకున్న ముగ్గురూ బడి ఈడు పిల్లలే. ఆ వయసు పిల్లలకు శరీరం గురించి, అంగీకారం గురించి, ఫోనులో కనిపించే అశ్లీలం గురించి మన బడిలో ఎవరు మాట్లాడుతున్నారు? బయాలజీ పుస్తకంలో పునరుత్పత్తి పాఠం వచ్చినప్పుడు పేజీలు తిప్పేసి ఇంట్లో చదువుకోండి అనే బడి, ఆ పాఠం చెప్పే పనిని ఫోనుకు అప్పగిస్తోంది.

తామరస్సేరి లాంటి ఘటనలో కొట్టేవాళ్లు కొద్దిమంది, చూసేవాళ్లు చాలామంది. ఫిన్లాండ్ ఈ చూసేవాళ్లమీదే దృష్టి పెట్టింది. తుర్కు విశ్వవిద్యాలయ పరిశోధకులు తయారు చేసిన కీవా అనే కార్యక్రమం 2009లో ఆ దేశపు బడులకు విస్తరించింది. ఏడిపించేవాడికి బలం చుట్టూ నిలబడి నవ్వేవాళ్ల నుంచి వస్తుందన్నది దాని మూలసూత్రం. నవ్వడం మానేసి ఏడిపించబడినవాడి పక్కన వెళ్లి కూర్చోవడం తరగతి మొత్తానికి ఏళ్ల తరబడి నేర్పిస్తారు. దీనికి ముందు నార్వేలో మనస్తత్వవేత్త డాన్ ఓల్వేయస్ ఈ దారి వేశాడు. 1982లో ముగ్గురు బాలురు, బహుశా తోటివారి వేధింపుల వల్లే, ఆత్మహత్య చేసుకోగా, మరుసటి ఏడాదే ప్రభుత్వం దేశవ్యాప్త ఉద్యమం మొదలుపెట్టింది. బెర్గెన్ నగరంలో దాదాపు 2,500 మంది పిల్లలను గమనిస్తే రెండేళ్లలో వేధింపులు సగానికి తగ్గాయి. వాళ్లు చేసిన పనుల్లో ఖరీదైనవి లేవు. ఇంటర్వెల్‌లో ఆటస్థలంలో టీచర్లు తిరగడం, తరగతిలో పిల్లలతో కలిసి నియమాలు రాసుకోవడం, వారానికోసారి దానిమీదే మాట్లాడుకోవడం, గొడవపడ్డ పిల్లల తల్లిదండ్రులను వెంటనే పిలవడం. మన బడుల్లో ఇంటర్వెల్ గంట కొట్టగానే టీచర్లందరూ స్టాఫ్‌రూమ్‌లోకి, పిల్లలందరూ గ్రౌండ్‌లోకి వెళ్తారు. కొట్లాటలు, బూతులు, చిన్నపిల్లల దగ్గర డబ్బు గుంజడం, మరుగుదొడ్ల వెనక సిగరెట్లు ఆ పదిహేను నిమిషాల్లోనే నడుస్తాయి. పీఈటీ సారుతో పాటు ఇద్దరు టీచర్లు వంతులవారీగా అక్కడ నిలబడటానికి ఏ జీవో అవసరం లేదు.

పగటి బడి కంటే నాకు ఎక్కువ దిగులు హాస్టళ్ల గురించే. రెండు తెలుగు రాష్ట్రాల్లో లక్షలమంది పిల్లలు గురుకులాల్లో, సంక్షేమ హాస్టళ్లలో, గిరిజన ఆశ్రమ పాఠశాలల్లో, ప్రైవేటు రెసిడెన్షియల్ కాలేజీల్లో రాత్రులు గడుపుతున్నారు. వాళ్లలో చాలామంది పేదింటి పిల్లలు. ఇంటికి వెళ్లాలంటే ఒక రోజు ప్రయాణం, ఫోన్ చేయాలంటే ఆదివారం క్యూ. 2023 జులైలో ఏలూరు జిల్లా పులిరామన్నగూడెం గిరిజన ఆశ్రమ పాఠశాలలో నాలుగో తరగతి బాలుడు రాత్రివేళ హత్యకు గురయ్యాడు. తెల్లవారాక శవం బడి ఆవరణలోనే దొరికింది. హాస్టల్‌లో రాత్రి ఎనిమిది తర్వాత వార్డెన్ ఎక్కడున్నాడు, ఎన్ని గదులకు ఒక పెద్దమనిషి, ఇంటర్ పిల్లలూ ఐదో తరగతి పిల్లలూ ఒకే గదిలో పడుకుంటున్నారా అన్న ప్రశ్నలు మామూలుగా ఏదైనా ఘోరం జరిగాకే వేస్తాం. సీనియర్లు జూనియర్ల చేత బట్టలు ఉతికించుకోవడం, తిండి లాక్కోవడం, రాత్రుళ్లు కొట్టడం హాస్టల్ జీవితంలో భాగమని వార్డెన్లే అనుకునే చోట్లు ఉన్నాయి. తామూ అలాగే చదువుకున్నామని గర్వంగా చెప్పుకునే పెద్దలూ ఉన్నారు. 1997లోనే ఉమ్మడి రాష్ట్రం ర్యాగింగ్ నిషేధ చట్టం తెచ్చింది. మెడికల్, ఇంజినీరింగ్ కాలేజీల్లో అది కొంతైనా కనిపిస్తుంది. ఆరో తరగతి పిల్లలున్న హాస్టల్ దాకా అది ఎప్పుడూ నడిచిరాలేదు.

2025 జులైలో సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పు ఇక్కడ ఉపయోగపడుతుంది. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటూ 2023లో హాస్టల్‌లో చనిపోయిన పశ్చిమ బెంగాల్ అమ్మాయి కేసులో, ఆమె తండ్రి పట్టువదలని పోరాటం ఫలితంగా వచ్చిన తీర్పు అది. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థా కనీసం ఒక అర్హుడైన కౌన్సెలర్‌నో, మానసిక నిపుణుణ్నో, సామాజిక కార్యకర్తనో నియమించుకోవాలని, అంతకంటే చిన్న సంస్థలు బయటి నిపుణులతో శాశ్వత సంబంధం పెట్టుకోవాలని కోర్టు ఆదేశించింది. ఆత్మహత్యల కోసం ఇచ్చిన ఆదేశమే హింసకూ మందు. తనమీద కోపం తిప్పుకునే పిల్లా, ఎదుటివాడిమీద తిప్పే పిల్లా చెప్పుకోవలసింది ఆ ఒక్క మనిషికే. ప్రతి ప్రభుత్వ బడికీ ఒక కౌన్సెలర్‌ను నియమించే డబ్బు లేదంటే, కనీసం స్కూల్ కాంప్లెక్స్‌కు ఒకరిని వేసి వారంలో ఒక రోజు ప్రతి హైస్కూల్లో కూర్చోబెట్టవచ్చు. ఆ మనిషి హెచ్ఎం కింద పనిచేయకూడదు. పరీక్షల డ్యూటీ వేయకూడదు.

కొన్ని పనులు ఇప్పుడున్న సిబ్బందితోనే జరుగుతాయి. 2020 పోక్సో నియమాల ప్రకారం పిల్లలతో పనిచేసే ప్రతి ఒక్కరి పూర్వచరిత్రనూ పోలీసుల చేత ఎప్పటికప్పుడు పరిశీలింపజేయాలి. ఆ నియమం వ్యాన్ డ్రైవర్లకూ వంట మనుషులకూ వర్తించినట్టే సైన్స్ సారుకూ కరస్పాండెంట్ బావమరిదికీ వర్తించాలి. బాలల న్యాయ చట్టం ప్రకారం ప్రతి పోలీస్ స్టేషన్‌లో ఏఎస్సై స్థాయికి తగ్గని ఒక బాలల సంక్షేమ అధికారి ఉండాలి. ఆ అధికారి పేరు, ఫోన్ నంబరు, బాలల హెల్ప్‌లైన్ 1098 పక్కనే బడి గోడమీద పెద్ద అక్షరాలతో రాయించాలి. ఫిర్యాదుల పెట్టె తాళంచెవి హెచ్ఎం బల్ల సొరుగులో ఉంటే ఏ పిల్లా అందులో కాగితం వేయదు. ఆ తాళంచెవి గ్రామ సచివాలయంలోని మహిళా పోలీసు దగ్గరో, తెలంగాణలో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలోని ఒక తల్లి దగ్గరో ఉండవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబరు నుంచి నడుస్తున్న మెగా పేరెంట్–టీచర్ సమావేశాల్లో మార్కులు, పథకాలు, ఫొటోలతో పాటు ఒక అరగంట పిల్లల భద్రతకు కేటాయించినా ఊళ్లో చర్చ మొదలవుతుంది.

తప్పు చేసిన పిల్లల మాట మిగిలింది. ఇక్కడ మన కోపం తొందరగా దారి తప్పుతుంది. 2024 ఆగస్టులో ఉదయ్‌పూర్‌లో పదో తరగతి కుర్రవాడు తోటి విద్యార్థిని పొడిచాడు. ఊరు మతాలుగా చీలి తగలబడింది. నిందితుడి కుటుంబం అద్దెకుంటున్న ఇంటిని అధికారులు కూల్చేశారు. పొడిచిన పిల్లవాడి ఇల్లు కూలితే కత్తిపోటు తిన్నవాడి తల్లికి ఏం ఒరుగుతుంది? ఆ ఇద్దరి మధ్య గొడవ ఎప్పటి నుంచి ఉంది, ఎవరికి తెలుసు అన్న విచారణ దుమ్ములో కలిసిపోతుంది. మన ఊళ్లలో దీనికి చిన్న రూపం టీసీ ఇచ్చి పంపేయడం. టీసీ తీసుకున్న కుర్రవాడు మాయమైపోడు. పక్క ఊరి బడిలోనో, బస్టాండు దగ్గర గంజాయి ముఠాలోనో తేలతాడు. అమెరికా బడుల్లో చిన్న తప్పుకు కూడా బయటికి పంపే కఠిన విధానం వల్ల భద్రత పెరిగినట్టు ఆధారాలు లేవని అక్కడి మానసిక శాస్త్రవేత్తల సంఘం 2008లోనే తేల్చింది. ఘోరమైన నేరాలకు చట్టం ఉంది. పదహారు నిండినవాళ్లను పెద్దలుగా విచారించే వీలు కూడా 2015 నాటి చట్టంలో ఉంది. మిగతావాటికి తప్పు చేసినవాడు బడిలోనే ఉండి, నష్టపోయినవాడి ఎదుట జవాబు చెప్పి, తల్లిదండ్రుల సమక్షంలో దిద్దుకునే దారి కావాలి. అది టీసీ రాసివ్వడం కంటే చాలా కష్టమైన పని. అందుకు టీచర్లకు శిక్షణ కావాలి, సమయం కావాలి.

వీటన్నిటికీ అడ్డుపడే ఒక లెక్క మన విద్యాశాఖలో ఉంది. ఫిర్యాదు వచ్చిన బడి చెడ్డ బడి, రాని బడి మంచి బడి. పోలీసులకు చెప్పిన హెచ్ఎంకు ముందు మెమో వస్తుంది, తర్వాత బదిలీ వస్తుంది. ప్రైవేటు బడిలో అయితే మరుసటి జూన్‌లో అడ్మిషన్లు తగ్గుతాయి. దాచినవాడికి మాత్రం, బయటపడనంతకాలం, ఏమీ కాదు. ఈ లెక్క తిరగబడాలి. ప్రతి డీఈవో ఏడాదికోసారి తన జిల్లాలో ఏ బడి నుంచి ఎన్ని ఫిర్యాదులు వచ్చాయో, ఎన్నిటిపై ఎన్ని రోజుల్లో చర్య తీసుకున్నారో, పిల్లల పేర్లు బయటపడకుండా, ప్రకటించాలి. వెయ్యిమంది పిల్లలున్న బడి మూడేళ్లుగా ఒక్క ఫిర్యాదూ లేదని రాస్తే, తనిఖీ బృందం మొదట వెళ్లవలసింది ఆ బడికే. విద్యార్థి చెప్పిన వెంటనే పోలీసులకు తెలిపిన హెచ్ఎంను ఏడాదిపాటు బదిలీ చేయకూడదని, ప్రాథమిక విచారణ పేరుతో వేధించకూడదని ఒక్క ఉత్తర్వు చాలు. రెండు ప్రభుత్వాలూ వచ్చే విద్యాసంవత్సరం బడులు తెరిచేలోగా ఆ ఉత్తర్వు ఇవ్వగలవు. దానికి బడ్జెట్‌లో ఒక్క రూపాయి కేటాయింపు కూడా అక్కర్లేదు.